చేసి చూపించమన్న సలోమక్క

మీరుండే అపార్టుమెంటులో మంటలు లేస్తే, మెట్ల కింద గదిలో కాపురముండే వాచ్‌మన్ భార్యకు ఎటు పరుగెత్తాలో తెలుసా? "ఎందుకు తెలియదండీ, చెప్పాం కదా" అంటారు మీరు. మీరు చెప్పారా అని నేను అడగలేదు. ఆమెకు తెలుసా అని అడిగాను. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం మన దేశంలో చదువుకున్నవాళ్ళకున్న మూఢనమ్మకాల్లో మొదటిది. దానికి గుడి లేదు, పూజారి లేడు, అందుకే ఎవరూ దాన్ని మూఢనమ్మకం అనరు. నిన్న పొద్దున పక్క ఫ్లాటువాళ్ళు ఇల్లు మారుతూ అట్టపెట్టెలకు గోధుమరంగు టేపు అంటిస్తున్నారు. చుట్ట నుంచి లాగినప్పుడల్లా పాత గుడ్డ చించినట్టు బర్రుమని చప్పుడు, వెంటనే ఆ జిగురు వాసన. చేతిలో కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు నాకు కువైట్‌లో ఖైతాన్ అనే పేటలోని మా గది కిటికీని, ఆ కిటికీ ముందు స్టూలెక్కి, పళ్ళతో టేపు కొరుకుతూ, మమ్మల్నందరినీ తిడుతున్న ఒక పొడవాటి మనిషిని గుర్తు చేసింది. ఆమె పేరు సలోమి. మేమంతా సలోమక్క అనేవాళ్ళం.

ఆమెది పాలకొల్లు అవతల ఒక లంక ఊరు. కువైట్‌లో ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. గొంతు గట్టిది, నడక గట్టిది, ఆమె వస్తుంటే వార్డులో మంచాలు వాటంతట అవే వరసలోకి జరుగుతాయేమో అనిపించేది. వినయం ఆమెకు పట్టుబడలేదు, పట్టుబడలేదన్న బాధా లేదు. "వినయంగా గుచ్చితే సూది దిగదు తమ్ముడూ" అనేది. ఇక నా సంగతి. కడప జిల్లాలో ముగ్గురాయి గని పక్కన ఊరు మాది. కుర్రతనంలో హేతువాద సభల్లో నోరు పదును పెట్టుకున్నాను. నిప్పుల మీద నడిచే స్వాములతో వేదికలెక్కి వాదించాను. గెలిచాననే అనుకునేవాణ్ణి. గెలిచిన వాదాలు కడుపు నింపవు కాబట్టి తొంభైల నడుమ కువైట్ చేరి ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరాను. దేవుడున్నాడనే సలోమక్కకూ, లేడనే నాకూ పొత్తు ఎలా కుదిరిందని తర్వాత చాలామంది అడిగారు. దేవుడి సంగతి మాకెప్పుడూ తేలలేదు. మనిషి సంగతి మొదటి రోజే తేలింది.

ఆ మొదటి రోజు నేను ఆసుపత్రికి పోయింది మా గదిలో ఉండే మేస్త్రి కాలు విరిగితే. కట్టు కట్టేదాకా బయట బల్ల మీద కూర్చున్నాను. పక్కన మా సీమ మనిషే ఒకావిడ, ఏదో ఇంట్లో పనిచేసే ఆమె, ఉబ్బసంతో ఈలవేసినట్టు ఊపిరి తీస్తోంది. డాక్టరు అరబ్బీలో చెప్పాడు, కాంపౌండరు ఉర్దూలో చెప్పాడు, చేతిలో ఊపిరి మందు గొట్టం పెట్టాడు. ఆమె ప్రతి ముక్కకూ "ఐవా, ఐవా" అంటోంది. ఐవా అంటే అరబ్బీలో అవును. నాకు తెలుగు అభిమానం పొంగి, ఆ ఉర్దూ మొత్తం చక్కటి తెలుగులో మళ్ళీ చెప్పి, "అర్థమైందా అమ్మా?" అని అడిగాను. "అయింది సామీ" అంది. నా బాధ్యత తీరింది. అప్పుడు వెనకనించి ఒక గొంతు.

"అర్థమైందా అని అడిగితే గంగిరెద్దు కూడా తలూపుద్దండీ. కాస్త తప్పుకోండి."

సలోమక్క ఆమె ముందు గొంతుక్కూర్చుని, "ఏదీ, ఇప్పుడు ఆయాసం వచ్చింది. నువ్వేం చేస్తావో చేసి చూపించు తల్లీ" అంది. ఆమె ఆ గొట్టాన్ని అపురూపంగా పట్టుకుని, మెడకు ఇటొకసారి, అటొకసారి కొట్టుకుని, రొమ్ము మీద అరచేత్తో రాసుకుంది. అచ్చం తను పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్ళు మామా అని పిలిచే ఆ తల్లి, బయటికెళ్ళే ముందు అత్తరు కొట్టుకున్నట్టు. అలాంటి గొట్టం ఆమె జీవితంలో చూసింది అదొక్కటే. నాకు నవ్వు రాబోయింది. సలోమక్క నా వైపు చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే ఆగింది. "ఇంటికెళ్ళాక ఆయాసం వస్తే ఈవిడ మంచి వాసనతో పోయేది" అంది. తర్వాత ఆ గొట్టం నోట్లో పెట్టించి, పీల్పించి, మళ్ళీ మొదటినుంచి చేయించి, మళ్ళీ చేయించి, ఆమె విసుక్కునేదాకా వదల్లేదు. "విసుక్కుందంటే వచ్చిందన్నమాట" అంది లేస్తూ.

ఆ సాయంత్రమంతా నేను దాని గురించే ఆలోచించాను. ఆమె ఐవా అన్నది అబద్ధమాడాలని కాదు. అర్థం కాలేదంటే ఎదుటివాడి మొహం మారుతుంది. మొహం మారితే గొంతు మారుతుంది. గొంతు మారితే పని పోవచ్చు. కఫీల్ చేతిలో, అంటే పూచీ ఉన్న యజమాని చేతిలో పాస్‌పోర్టు పెట్టి బతికే మనిషికి "తెలియదు" అనే మాట చాలా ఖరీదైనది. ఇది కువైట్‌లో పుట్టిన జబ్బు కూడా కాదు. మనం దాన్ని ఊరి నుంచి మూటలో కట్టి తెచ్చుకున్నాం. పురాణం చెప్పేవాడి ముందు తలూపాం, పంతులు ముందు తలూపాం, కరణం ముందు తలూపాం, మంత్రిగారి సభలో తలూపాం. తెలియదనడం అమర్యాద అని పిల్లలకు నేర్పిన జాతి మనది. నేను ఏళ్ళ తరబడి వేదికల మీద ప్రశ్నించండి, ప్రశ్నించండి అని అరిచాను. కింద కూర్చున్నవాళ్ళు దానికి కూడా తలూపారు! అది నాకు తట్టడానికి ఒక నర్సు గొంతుక్కూర్చోవలసి వచ్చింది.

అప్పటినుంచి శుక్రవారాలు, అంటే అక్కడి సెలవు రోజు, సలోమక్క ప్రార్థన ముగించుకుని మా గదికి వచ్చేది. రొయ్యల వేపుడు డబ్బా తెచ్చేది. తిన్నంతసేపూ వాదన. "నీ దేవుడు అందరి మొరా వింటాడు గదా, మరి ఎవరి భాషలో వింటాడక్కా?" అని నేను గిల్లేవాణ్ణి. "నీ ఉపన్యాసం కన్నా బాగా వింటాడు, ఆయ్. నువ్వు వినవు, చెప్తావంతే" అని ఆమె తిప్పికొట్టేది. మా గది ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఒక అడ్డా. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళలో శుక్రవారం సెలవు దొరికిన అదృష్టవంతులు వచ్చేవాళ్ళు. వాళ్ళలో మా చిన్నమ్మ ఓబులమ్మ ఒకతె. మా అమ్మకు స్వయానా చెల్లెలు. సముద్రం ఒడ్డున సాల్మియాలో ఒక ఇంట్లో పని. ఆ ఇంటి మూడేళ్ళ పాపకు అన్నం పెట్టడం నుంచి నిద్రపుచ్చడం దాకా అన్నీ ఆమే. పాప పేరు పలకలేక "బంగారు" అని పిలిచేది. పాప కూడా ఆ పేరుకే పలికేది.

తర్వాత పక్కనున్న ఇరాక్ మీద యుద్ధం ముంచుకొస్తోందన్న నెలలు వచ్చాయి. అంతకు ముందటి యుద్ధాన్ని చూసిన పాతకాపులు మూటలు సర్దుకున్నారు, పోలేనివాళ్ళు ఉండిపోయారు. అటునుంచి క్షిపణులు రావచ్చని, వాటిలో విషవాయువు ఉండొచ్చని భయం. రేడియోలో, టీవీలో, పత్రికల్లో హెచ్చరికలు చెప్పారు. సైరన్లు మూడు రకాలు. తెగి తెగి మోగితే ప్రమాదం రాబోతోందని, పైకెగసి కిందికి పడుతూ మోగితే వచ్చేసిందని, ఒకే తీరుగా సాగితే తప్పిపోయిందని. మోగగానే ఇంటి లోపలికి పోవాలి, ముందే ఎంచుకున్న గదిలో చేరాలి, ఏసీ ఆపాలి, కిటికీ సందులకు టేపు వేయాలి, తలుపు కింద తడిగుడ్డ పెట్టాలి. అంతా అరబ్బీలో, ఇంగ్లీషులో. చెప్పినవాళ్ళను నేను తప్పు పట్టను, వాళ్ళ మటుకు వాళ్ళు చెప్పారు. కానీ ఆ ఊళ్ళో నిజంగా తలుపులు మూసేదీ, పిల్లలను ఎత్తుకునేదీ, ఏసీ మీట దగ్గర నిలబడేదీ ఎవరు? ఆ రెండు భాషలూ రానివాళ్ళు.

నేను ఊరుకుంటానా? ఆ సూచనలన్నీ తెలుగులోకి దించి, కంపెనీ జెరాక్సు మిషను మీద అచ్చు తీసి, శుక్రవారం గదికొచ్చినవాళ్ళకు చదివి వినిపించాను. బ్రహ్మాండంగా చదివాననే చెప్పాలి. జనం కిక్కిరిసి ఉన్నారు. "అందరికీ తెలిసింది గదా?" అన్నాను. "తెలిసిందప్పా" అన్నారు ముక్తకంఠంతో. మూలన కూర్చున్న సలోమక్క వేళ్ళకంటిన రొయ్యల కారం తుడుచుకుని లేచింది.

"ఓబులమ్మా, ఇలా రా. నీకు తెలిసిందా?"

"తెలిసిందక్కా. మా పిల్లోడు బలే చెప్పినాడు గదా."

"అయితే ఇది మీ మామా ఇల్లు. ఈ దిండు మీ బంగారు. నేను సైరన్ను." చెప్పడమే ఆలస్యం, సలోమక్క నోటికి చేతులు అడ్డుపెట్టి కూత పెట్టింది. నిజమైన సైరన్ దానిముందు సిగ్గుపడాలి. మా చిన్నమ్మ ఒక్క క్షణం బిక్కచచ్చింది. మరుక్షణం దిండు చంకనేసుకుని, కొంగు దోపుకుని, గడప దాటి, మెట్లు దిగి, వీధిలోకి ఉరికింది! గది గదంతా పగలబడి నవ్వింది. కిందనుంచి ఒక మలయాళీ కొట్టువాడు ఏమైందని హిందీలో అరుస్తున్నాడు. ఓబులమ్మ నడివీధిలో దిండు పట్టుకుని, మా కిటికీకేసి చూస్తూ, "ఇంకా రారేమప్పా, మీరంతా!" అని మమ్మల్నే కోప్పడుతోంది.

నవ్వనివాళ్ళం ఇద్దరమే. సలోమక్క, నేను. నేను నవ్వకపోవడానికి కారణం, నా కాళ్ళు కూడా గడప వైపే కదిలాయి.

మా ఊళ్ళో గనిలో మందుపెట్టి పేల్చే ముందు కూత వేస్తారు. మావి నాపబండలు పరిచిన మిద్దెలు. పేలుడుకు నేల అదిరితే కప్పు మీది బండ జారి నెత్తిన పడుతుంది. అందుకే కూత వినబడగానే పొయ్యి మీద ఎసరు పొయ్యి మీదే వదిలి, చంటిపిల్లలను చంకనేసుకుని, ముసలివాళ్ళ రెక్క పట్టుకుని ఊరంతా బయటికి, కళ్ళం లోకి పరుగెత్తేది. నడక రాకముందే మాకు వచ్చిన చదువది. కూత అంటే బయటికి. కువైట్‌లో కూత అంటే లోపలికి. నేను చదివిన కాగితం మా చిన్నమ్మ చెవి దాకా పోయింది. ఆమె కాళ్ళు మాత్రం ఇంకా మా ఊళ్ళోనే ఉన్నాయి. పై నుంచి విషం వచ్చేవేళ ఆ కాళ్ళు పాపనెత్తుకుని నేరుగా దానికిందికే పరుగెడతాయి.

నేను సంగతి చెప్పాక సలోమక్క నడుము మీద చేతులు పెట్టుకుంది. "చూశావా తమ్ముడూ? నీ కాయితం తప్పు కాదు. ఆవిడ కాళ్ళూ తప్పు కాదు. ఆ కాళ్ళే ఊళ్ళో ఈవిణ్ణి బతికించాయి. వాటికి కొత్త దారి నేర్పాలి, తిడితే నేర్చుకోవు." ఆ తర్వాత ఆమె చేసిన పని ఇప్పటికీ నా కళ్ళముందుంది. మా గది గడపలో, రెండు చేతులూ ద్వారబంధానికి బార్లా చాపి అడ్డంగా నిలబడింది. "మళ్ళీ." కూత. చిన్నమ్మ దిండుతో వచ్చి ఆ చేతులకు గుద్దుకుంది. "వెనక్కి తిరుగు. లోపలికి. మళ్ళీ." మళ్ళీ గుద్దుకుంది. "నీ చెయ్యి ఇనప కడ్డీ మాదిరుందే తల్లీ!" "గుర్తుంటుంది గదా, ఇంకోసారి గుద్దుకో." గుద్దుకోకుండానే వెనుదిరిగే దాకా చేయించింది. ఆ తర్వాత మిగతా వాళ్ళ వంతు. నవ్వినవాళ్ళలో సగం మంది, మా గనుల పక్క ఊళ్ళవాళ్ళు, ఆ చేతులకు గుద్దుకున్నారు.

అంతటితో అయిపోలేదు. "మీ మామా ఇంట్లో ఏ గదిలోకి పోవాలి?" అని అడిగింది సలోమక్క. చిన్నమ్మ నేల చూపులు చూసింది. మామా ఏదో చెప్పిందట, చూపించిందట కూడా, అరబ్బీలో గబగబా. "నువ్వేమన్నావ్?" "ఏమంటా అక్కా? ఐవా మామా అంటి."

"అయితే ఇవాళ పోయి, తెలియదు, మళ్ళీ చూపించమని అడుగు. తెలియదంటే మాఫీ మాలూమ్, మామా. ఏదీ, అను."

ఓబులమ్మ గోడవైపు జరిగింది. క్షిపణికి భయపడని మనిషి ఆ రెండు ముక్కలకు వణికింది. "కోప్పడ్తాదక్కా. ఇన్నేండ్లూ అర్తమయినట్టు తల ఊపి, ఇప్పుడు తెలీదంటే, ఇన్నేండ్లూ నన్ను మోసం జేస్తివా అంటాది. ఇంటికి పంపిచ్చాదేమో."

"పంపితే పంపనీ. బతికుండి వెళ్తావు" అంది సలోమక్క. తలకు తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని, తనే మామా అయ్యింది. "యల్లా, పద పద, ఓబులమ్మా! ఈ గది. ఈ టేపు. ఏసీ బంద్. తెలిసిందా?" చిన్నమ్మ నోట్లోంచి అలవాటుగా "ఐవా మామా" జారింది. గదిలో నవ్వులు. "ఐవా అంటే జీతం కట్!" అని సలోమక్క చేత్తో కొట్టబోయినట్టు నటించింది. చివరికి చిన్నమ్మకు రోషమొచ్చి, "మాఫీ మాలూమ్! మాఫీ మాలూమ్! నాకు తెలీదు పో!" అని అరిచింది. చప్పట్లు కొట్టాం. నా జీవితంలో విన్న గొప్ప ఉపన్యాసాలలో అదొకటి.

ఆ రాత్రే అడిగిందట. మామా కోప్పడలేదు, ముందు తెల్లబోయింది, తర్వాత చేయి పట్టుకుని మేడ మీద లోపలి గదిలోకి తీసుకుపోయి ఒక్కొక్కటే చూపించింది. చూపిస్తూ చూపిస్తూ ఆమెకే అనుమానం వచ్చింది, ఏ కూత దేనికని. ఇద్దరూ కలిసి రేడియో ముందు కూర్చున్నారట. తెలియదనే మాటకు ఉన్న బలం అది. ఒకరు అంటే రెండోవాళ్ళకు కూడా అనే ధైర్యం వస్తుంది.

శుక్రవారం సెలవు లేనివాళ్ళ కోసం సలోమక్క ఇంకో దారి కనిపెట్టింది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే చెత్త సంచులు పట్టుకుని వీధి చివరి పెద్ద డబ్బా దగ్గరికి వస్తారు. ఒకరితో ఒకరు నాలుగు మాటలాడుకునే చోటు అదొక్కటే. "నేర్చుకున్నవాళ్ళు అక్కడ ఇంకొకరికి నేర్పాలి. చెప్పొద్దు, చేయించాలి" అని ఒట్టేయించుకుంది. సాల్మియా వీధుల్లో చెత్తడబ్బాల పక్కన ఆడవాళ్ళు చేతులు బార్లా చాపి నిలబడుతుంటే, వచ్చేపోయే కార్లవాళ్ళు వీళ్ళకేం పట్టిందని చూసేవాళ్ళట.

ఆ రోజుల్లోనే ఒకాయన మంత్రించిన నూనె సీసాలు తెచ్చి, గుమ్మానికి రాస్తే విషవాయువు లోపలికి రాదని మా పేటలో ప్రచారం మొదలుపెట్టాడు. ఆయన దేవుడి పేరు ఇక్కడ అనవసరం, నూనె అన్ని మతాల్లోనూ అమ్ముతారు. నేను కత్తి దూశాను. సలోమక్క విశ్వాసి కదా, వెనకేసుకొస్తుందేమో చూద్దామనుకున్నాను. ఆమె ఆ సీసా తీసుకుని వాసన చూసి, "వంకాయ వేపుడుకి పనికొస్తుంది" అని మా వంటగట్టు మీద పెట్టింది. భయపడి చుట్టూ చేరిన ఆడవాళ్ళతో, "ప్రార్థన చేసుకోండమ్మా, నేనూ చేసుకుంటాను. కానీ కిటికీ మూసి చేసుకోండి. టేపు వేసి చేసుకోండి" అంది. పదేళ్ళ నా సభల్లో నేను నడపలేని బండి ఆ ఒక్క మాటతో కదిలింది. దేవుణ్ణి వదలమంటేనే టేపు పట్టుకుంటారని నేను అనుకునేవాణ్ణి. ఆమె వాళ్ళ చేతిలో ఉన్నదాన్ని లాక్కోలేదు, రెండో చేతిలో టేపు పెట్టింది. ఇప్పటికీ నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ పద్ధతి మీద ఉంది.

సైరన్ మోగిన మొదటి రోజు నేను ఆఫీసులో ఉన్నాను. పట్టపగలు. మెట్ల కింది గదిలో ముప్ఫై దేశాల మనుషుల్లా కనిపించిన ఒక గుంపుతో ఇరుక్కుని కూర్చున్నాను. ఫోన్లు కలవడం లేదు. నా బుర్రలో ఒకటే బొమ్మ. సాల్మియాలో ఒక ఇంటి ముంగిట్లో పాపనెత్తుకుని, ఆకాశం కేసి చూస్తూ, ఇంకా రారేమప్పా అని అరుస్తున్న మా చిన్నమ్మ. తొలగిపోయిందన్న కూత వచ్చిన చాలాసేపటికి కానీ ఆమె ఫోను రాలేదు.

"నాయనా, నేను లా అంటిరా!"

లా అంటే అరబ్బీలో 'కాదు', 'వద్దు' అని. "ఎవరితో అన్నావు చిన్నమ్మా? పాప బాగుందా?"

"బంగారు బాగుండాది, నేనూ బాగుండానులే. లా అంటి నాయనా. పని పోతాదేమో."

జరిగింది ఇదీ. ఇంట్లో పెద్దలెవరూ లేరు. కూత పెట్టగానే ఓబులమ్మ పాపను ఎత్తుకుంది. కాళ్ళు తలుపు వైపే ఉరికాయి. చెయ్యి తలుపు పిడి మీద పడింది. అక్కడ, ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "సలోమక్క చేతులు అడ్డమొచ్చినట్టయ్యిందిరా, రొమ్ముకు తగిలినట్టే." వెనక్కి తిరిగింది. మేడ ఎక్కింది. ఏసీ ఆపింది. టేపు వేసింది. తడి తువ్వాలు తలుపు కింద దోపబోతుంటే కింద గేటు దగ్గర కారు హారన్. ఆ ఇంటి డ్రైవరు, పెషావరు వైపు మనిషి. "ఓబులమ్మా! మామా బులాయా! బచ్చీకో లావ్, యల్లా, జల్దీ!" పాపను అమ్మమ్మగారింటికి తీసుకురమ్మని, సైరన్‌కు ముందే మామా పంపిందట. అతను దారిలో ఉండగా కూత మొదలైంది. హుకుం హుకుమే కాబట్టి వచ్చేశాడు. అతనూ తలూపే జాతే. మా జాతే.

మామా పిలిచింది. ఇన్నేళ్ళలో మామా పిలుపుకు ఓబులమ్మ ఐవా తప్ప అన్న మాట లేదు. పాపనెత్తుకుని మెట్లు దిగి కారెక్కితే ఆమె తప్పు కాదు, యజమాని మాట. ఎక్కకపోతే, రేపేమన్నా అయితే, తనదే పూచీ. ఆమె మేడమీది నుంచే గొంతు చించుకుంది. "లా! లా! మాఫీ బయటికి! నువ్వే లోపలికి రారా సచ్చినోడా, దాఖిల్!" అతను బిత్తరపోయి లోపలికొచ్చాడు. ముగ్గురూ ఆ గదిలో కూర్చున్నారు. పాప టేపు చుట్టతో ఆడుకుంది.

ఆ రోజు సాల్మియాలో ఆ ఇంటి మీద ఏమీ పడలేదు. తర్వాత ఒక మిత్రుడు నాతో అన్నాడు, "ఏమీ పడలేదు గదా, ఇంత హడావిడి దేనికి?" అని. ఈత నేర్చుకున్నవాడు ఆ రోజు బావిలో పడలేదు కాబట్టి ఈత దండగ అనేవాళ్ళతో నేను వాదించడం మానేశాను. ఇంకొందరు, తలుపు దగ్గర అడ్డుపడ్డది దైవహస్తమే అన్నారు. కాదు. అది పాలకొల్లు దగ్గరి లంక ఊరి హస్తం. మా గది గడపలో అన్నిసార్లు గుద్దుకుంటే ఒంటికి పట్టిన సాధన. అద్భుతం అని పేరు పెట్టి దాన్ని తీసుకుపోయి గూట్లో పెట్టకండి. అలా పెడితే మళ్ళీ ఎవరూ నేర్చుకోరు.

సాయంత్రం మామా వచ్చింది. గేటు దగ్గరి నుంచే కేకలు, పాపను ఎందుకు పంపలేదని. ఓబులమ్మ పాపను చేతికిచ్చి మేడ మీదికి తీసుకుపోయి ఆ గది చూపించింది. మామా కిటికీ అంచున టేపు మీద వేలు పెట్టి చివరిదాకా రాసుకుంటూ పోయింది. తడి తువ్వాలు చూసింది. డ్రైవరు ఇంకా ఆ మూలే కూర్చుని ఉన్నాడు, లేవమని ఎవరూ చెప్పలేదని. మామా మంచం మీద కూర్చుండిపోయి, చేతితో సైగ చేసిందట. మళ్ళీ చేసి చూపించు అని. మా చిన్నమ్మ ఆ తర్వాతి శుక్రవారం ఈ కథ చెప్తూ ఆ సైగ దగ్గరికొచ్చేసరికి, సలోమక్క ఏదో పనున్నట్టు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అంత గట్టి మనిషి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె అక్కడే పనిచేసింది. రిటైరై సొంతూరు చేరాక నేనొకసారి వెళ్ళేసరికి భీమవరంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. చిక్కిపోయింది, గొంతు మాత్రం చిక్కలేదు. చిన్న నర్సమ్మ మాత్రలు చేతిలో పెట్టి, "ఇది పొద్దున, ఇది రాత్రి. అర్థమైందా మామ్మగారూ?" అంది. "కాలేదు" అంది సలోమక్క. ఆ పిల్ల గతుక్కుమంది. "అర్థమైందా అనకూడదు పాపా. ఏం అర్థమైందో చెప్పు మామ్మా అనాలి. మళ్ళీ అడుగు." ఆ పిల్ల అడిగింది. ఈవిడ చెప్పింది. అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వు నరకానికే పోతావు తమ్ముడూ, అందులో అనుమానం లేదు. కానీ వెళ్ళగానే బయటికి దారెటో అడుగు, ఊరికే తలూపకు" అంది. అదే మా చివరి వాదన. ఆ వాదనలో కూడా ఆమెదే పైచేయి.

నేనిప్పుడు ఎవరినీ అర్థమైందా అని అడగను. ఇంట్లో, సభలో, ఎక్కడైనా ఆ మాట నోటిదాకా వస్తే గడపలో చాపిన ఆ రెండు చేతులకు గుద్దుకుని ఆగిపోతుంది. మా అపార్టుమెంటులో వాచ్‌మన్ ఒడిశా మనిషి. గోడ మీద మంటల హెచ్చరిక ఇంగ్లీషులో ఉంది, అందంగా, అద్దం కింద. నిన్న ఆ టేపు చప్పుడు విన్నాక కిందికి దిగి, అతని భార్యను, గ్యాసు వాసన వస్తే ఏం చేస్తావో చూపించమన్నాను. ఆమె నేరుగా వెళ్ళి లైటు మీట మీద చెయ్యి వేసింది, వెలుగులో చూద్దామని. గ్యాసు నిండిన గదిలో ఆ మీట రవ్వ ఒక్కటి చాలు. మూడేళ్ళుగా మా సంఘం ఆమెకు "చెప్తూనే" ఉంది.

మీరు ఈ వ్యాసానికి తలూపుతున్నారని నాకు తెలుసు. తలూపకండి. కువైట్ మీ ఇంటి మెట్ల కిందే ఉంది. మీ భాష రాని మనిషి, మీ మాట కాదనలేని మనిషి, మీ పిల్లలను ఎత్తుకునే మనిషి అక్కడుంది. పుస్తకం మూయండి. కిందికి దిగండి. ఆమెకు ఏమీ చెప్పకండి. చేసి చూపించమనండి. ఆమె తప్పు దారిలో పరుగెడితే నవ్వకండి, గడపలో చేతులు చాపి నిలబడండి. ఆమె మీకు ధైర్యంగా "లా" అనేదాకా అక్కణ్ణుంచి కదలకండి. లేవండి.